ఇండియా అండర్-17 ఫుట్‌బాల్: వరల్డ్‌కప్‌లో ఒకే ఒక్క గోల్.. శాఫ్‌లో ఏడు టైటిళ్లు.. ఇరాన్‌కు షాక్! మన కుర్రాళ్ల రికార్డు పూర్తి వివరాలు ఇవే

క్రికెట్‌లో అండర్-19 జట్టు గెలిస్తే దేశమంతా పండగ. అదే ఫుట్‌బాల్‌లో అండర్-17 కుర్రాళ్లు ఇరాన్ లాంటి పెద్ద జట్టును ఓడించినా చాలామందికి ఆ వార్తే చేరదు. 2025 నవంబర్ 30న అహ్మదాబాద్‌లో సరిగ్గా అదే జరిగింది. గెలిస్తేనే నిలిచే మ్యాచ్. ముందుగా గోల్ ఇచ్చుకున్నారు. అయినా తిరగబడి 2-1తో ఇరాన్‌ను కొట్టి, 2026 ఆసియా కప్ టికెట్ పట్టేశారు.

ఇంతకీ ఈ జట్టు కథేంటి? ఇప్పటిదాకా ఏం గెలిచింది? ఎక్కడ చేజార్చుకుంది? 2017లో ఢిల్లీలో వరల్డ్‌కప్ ఆడిన కుర్రాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? తెలుగు రాష్ట్రాలకు ఇందులో వాటా ఉందా? అన్నీ ఒకేచోట చూద్దాం.

ఒక్క చూపులో

* ఫిఫా అండర్-17 వరల్డ్‌కప్: ఒకే ఒక్కసారి (2017, ఆతిథ్య దేశంగా). 3 మ్యాచ్‌లు, 3 ఓటములు. కొట్టింది 1 గోల్, ఇచ్చింది 9.
* ఆసియా టోర్నీలో అత్యుత్తమం: క్వార్టర్ ఫైనల్ (2002, 2018).
* దక్షిణాసియా శాఫ్ టైటిళ్లు: 7 (2013, 2017, 2019, 2022, 2023, 2024, 2025).
* వరల్డ్‌కప్‌లో భారత్ తరఫున గోల్ కొట్టిన ఏకైక పురుష ఆటగాడు: మణిపూర్‌కు చెందిన జీక్సన్ సింగ్.
* తాజా ఘనత: ఇరాన్‌పై 2-1 గెలుపుతో 2026 ఆసియా కప్‌కు అర్హత.

అసలు అండర్-17 జట్టు అంటే?

పేరులోనే ఉంది. పదిహేడేళ్లలోపు కుర్రాళ్ల జట్టు. అయితే లెక్క పుట్టినరోజుతో కాదు, పుట్టిన సంవత్సరంతో చూస్తారు. 2017 వరల్డ్‌కప్‌కు 2000 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లే అర్హులు. అంతకు ఒక్కరోజు ముందు పుట్టినా నో ఎంట్రీ. వయసు దొంగలెక్కలు అరికట్టడానికి మణికట్టుకు ఎంఆర్ఐ స్కాన్ తీస్తారు. ఎముక ఎంత పెరిగిందో చూసి తేలుస్తారు.

ఈ నిబంధన వల్ల జట్టుకు ఒక వింత లక్షణం వచ్చింది. సీనియర్ జట్టులో సునీల్ ఛెత్రి లాంటి ఆటగాడు దాదాపు ఇరవై ఏళ్లు కొనసాగాడు. ఇక్కడ అలా కుదరదు. ఒక బ్యాచ్‌కు దొరికేది మహా అయితే ఒక్క ఆసియా టోర్నీ. అందులో గెలిస్తే గెలిచినట్టు. లేదంటే వయసు దాటిపోతుంది, మళ్లీ కొత్త బ్యాచ్, మళ్లీ మొదటి నుంచి మొదలు. మన కుర్రాళ్ల రికార్డు చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఒక్క గోల్ తేడాతో ఓడితే ఆ పిల్లలకు రెండో ఛాన్స్ ఉండదు.

పేర్ల దగ్గర కూడా కాస్త గందరగోళం ఉంది. ఆసియాలో ఈ టోర్నీని చాలాకాలం అండర్-16 ఛాంపియన్‌షిప్ అన్నారు. 2023 నుంచి అండర్-17 ఆసియా కప్ అంటున్నారు. దక్షిణాసియాలో జరిగే శాఫ్ టోర్నీ అయితే ఒక్కో ఏడాది అండర్-15, అండర్-16, అండర్-17 అంటూ మారుతూ వచ్చింది. పేరు ఏదైనా ఆడేది ఇదే వయసు పిల్లలు కాబట్టి రికార్డును కలిపే చూస్తారు.

ఆసియా టోర్నీ: ఎన్నిసార్లు వెళ్లాం?

ఆసియా స్థాయిలో ఈ టోర్నీ 1985లో ఖతార్‌లో మొదలైంది. మనకు తొలిసారి 1990లో చోటు దక్కింది. ఆ తర్వాత 1996, 2002, 2004, 2008, 2012, 2016, 2018, 2023 టోర్నీల్లో ఆడాం. 2020కి కూడా అర్హత సాధించాం. కానీ ఆ టోర్నీ జరగనే లేదు. ఆ కథ కిందుంది.

2016లో ఆతిథ్యం మనదే. గోవాలో జరిగింది. మరుసటి ఏడాది వరల్డ్‌కప్ ఆడాల్సిన బ్యాచ్‌కు అదొక రిహార్సల్ లాంటిది. యూఏఈ చేతిలో 2-3తో ఓడారు. సౌదీ అరేబియాతో 3-3తో డ్రా చేసుకున్నారు. ఇరాన్ చేతిలో 0-3తో ఓడారు. గ్రూప్ దశలోనే ఇంటిదారి. గోల్స్ కొట్టగలరు, కానీ ఆపలేరు అని తేలిపోయింది. అప్పటి కోచ్ జర్మనీకి చెందిన నికోలాయ్ ఆడమ్ 2017 మొదట్లో తప్పుకున్నారు. ఆయన స్థానంలో పోర్చుగల్‌కు చెందిన లూయిస్ నార్టన్ డి మాటోస్ వచ్చారు. వరల్డ్‌కప్‌కు అప్పటికి నెలలే మిగిలాయి.

2017 వరల్డ్‌కప్: ఢిల్లీలో ఆ మూడు రాత్రులు

ఫిఫా పురుషుల వరల్డ్‌కప్‌లో ఏ వయసు విభాగంలోనైనా భారత్ ఆడింది ఆ ఒక్కసారే. ఆతిథ్య దేశం కాబట్టి క్వాలిఫయింగ్ అవసరం లేకుండా నేరుగా చోటు దొరికింది. అక్టోబర్ 6 నుంచి 28 వరకు ఢిల్లీ, నవీ ముంబై, గోవా, కొచ్చి, గువాహటి, కోల్‌కతాలో మ్యాచ్‌లు జరిగాయి. తెలుగు రాష్ట్రాలకు వేదిక దక్కలేదు.

భారత్ గ్రూప్‌లో అమెరికా, కొలంబియా, ఘనా. మూడు మ్యాచ్‌లూ ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే. కెప్టెన్ అమర్‌జిత్ సింగ్ కియామ్. 21 మంది జట్టులో 8 మంది ఒక్క మణిపూర్ నుంచే రావడం విశేషం.

మొదటి మ్యాచ్ (అక్టోబర్ 6): అమెరికా 3, భారత్ 0. ప్రధాని మోదీ స్టేడియానికి వచ్చి చూసిన మ్యాచ్ ఇది. 30వ నిమిషంలో జోష్ సార్జెంట్ పెనాల్టీతో అమెరికాకు ఆధిక్యం అందించాడు. రెండో హాఫ్‌లో డర్కిన్ మరో గోల్ కొట్టాడు. చివర్లో అన్వర్ అలీ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కి వచ్చింది. స్టేడియం తల పట్టుకునేలోపే అమెరికా అదే ఊపులో ఎదురుదాడి చేసి మూడో గోల్ వేసేసింది. అరడుగు కిందికి వెళ్లుంటే స్కోరు 1-2. కాస్త పైకి తగిలింది, స్కోరు 0-3. ఫుట్‌బాల్ అంటే అంతే.

రెండో మ్యాచ్ (అక్టోబర్ 9): కొలంబియా 2, భారత్ 1. ఈ మ్యాచ్ గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఫస్ట్ హాఫ్ ఆఖరులో రాహుల్ కొట్టిన షాట్ గోల్‌పోస్ట్‌కు తగిలింది. విరామం అవ్వగానే పెన్యలోసా కొలంబియాకు గోల్ అందించాడు. ఇక 82వ నిమిషం. సంజీవ్ స్టాలిన్ కార్నర్ కొట్టాడు. పొడగరి జీక్సన్ సింగ్ అందరికన్నా పైకి లేచి తలతో బంతిని నెట్లోకి పంపాడు. వరల్డ్‌కప్‌లో భారత్ తొలి గోల్! స్టేడియం ఊగిపోయింది. ఆటగాళ్లు ఇంకా ఆ ఆనందం నుంచి తేరుకోలేదు. మరుసటి నిమిషంలోనే పెన్యలోసా మళ్లీ కొట్టేశాడు. ఆ ఒక్క పాయింట్ చేతికందినట్టే అంది జారిపోయింది.

మూడో మ్యాచ్ (అక్టోబర్ 12): ఘనా 4, భారత్ 0. ఒళ్లు అలిసిపోయింది. వేగంలో, బలంలో ఘనా కుర్రాళ్ల ముందు నిలవలేకపోయారు. ఎరిక్ అయా రెండు గోల్స్ కొట్టాడు. గోల్‌కీపర్ ధీరజ్ సింగ్ అడ్డుపడి ఉండకపోతే స్కోరు ఇంకా పెరిగేది.

మూడు మ్యాచ్‌లు, సున్నా పాయింట్లు. కానీ ప్రేక్షకుల లెక్క మాత్రం అదిరిపోయింది. టోర్నీ మొత్తానికి 13 లక్షల 47 వేల మందికి పైగా స్టేడియాలకు వచ్చారు. అండర్-17 వరల్డ్‌కప్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. కోల్‌కతాలో జరిగిన ఫైనల్‌లో ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనకబడి కూడా 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ అందుకున్న కుర్రాడు ఎవరో తెలుసా? ఫిల్ ఫోడెన్. తర్వాత మాంచెస్టర్ సిటీలో స్టార్ అయిన ఆటగాడే.

ఆ 21 మంది ఏమయ్యారు?

వరల్డ్‌కప్ అయిపోగానే ఈ కుర్రాళ్లను చెదిరిపోనివ్వకుండా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక పని చేసింది. 'ఇండియన్ ఆరోస్' పేరుతో జట్టుగా ఐ-లీగ్‌లో దించింది. పెద్దవాళ్ల మధ్య పిల్లలు. 2017 నవంబర్‌లో తొలి మ్యాచ్‌లోనే చెన్నై సిటీని 3-0తో ఓడించారు. ఆ సీజన్‌లో షిల్లాంగ్ లజోంగ్‌పై నోంగ్‌డంబా నావోరెమ్ వరసగా డిఫెండర్లను దాటుకుంటూ కొట్టిన గోల్ వీడియో అప్పట్లో ఫోన్లలో తెగ తిరిగింది. కానీ లీగ్ ముగిసేసరికి జట్టు అట్టడుగునే ఉంది. 2022లో ఆరోస్ ప్రాజెక్టునే ఎత్తేశారు.

ఆటగాళ్ల విషయానికొస్తే..

* జీక్సన్ సింగ్: ఐఎస్‌ఎల్‌లో కేరళ బ్లాస్టర్స్, తర్వాత ఈస్ట్ బెంగాల్. సీనియర్ జాతీయ జట్టు మిడ్‌ఫీల్డర్.
* సురేశ్ సింగ్ వాంగ్‌జామ్: బెంగళూరు ఎఫ్‌సీ. 2021 సీనియర్ శాఫ్ ఫైనల్‌లో నేపాల్‌పై గోల్ కొట్టాడు.
* లాలెంగ్మావియా (అపుయా): మిజోరం కుర్రాడు. సీనియర్ జట్టు మిడ్‌ఫీల్డ్‌లో చోటు సంపాదించాడు.
* అన్వర్ అలీ: అందరిలోకీ కష్టమైన దారి ఇతనిదే. 2019లో గుండె సమస్య బయటపడింది. ఇక ఆట మానేయాల్సిందే అన్నంత దాకా వెళ్లింది. పట్టు వదలకుండా తిరిగొచ్చి 2022లో సీనియర్ జట్టుకు ఆడాడు. ఇప్పుడు దేశంలోని అగ్రశ్రేణి డిఫెండర్లలో ఒకడు.
* అమర్‌జిత్ సింగ్: కెప్టెన్. 2019లో సీనియర్ జట్టులో అరంగేట్రం చేశాడు. జీక్సన్‌కు దగ్గరి బంధువు కూడా.

అంటే 21 మందిలో కొందరు సీనియర్ జట్టు దాకా చేరారు. మిగతావాళ్లు క్లబ్బుల్లో ఆడుతూ వచ్చారు. 'వరల్డ్‌కప్ వృథా అయింది' అన్న మాట పూర్తిగా నిజం కాదు. అలాగని అనుకున్నంత ఫలితం వచ్చిందనీ చెప్పలేం.

2018: ఒక్క గెలుపు దూరంలో..

2017 బ్యాచ్‌కు దారి ఆతిథ్యం వల్ల దొరికింది. దాని తర్వాతి బ్యాచ్ మాత్రం ఆటతోనే వరల్డ్‌కప్ అంచుదాకా వెళ్లింది. ఇది చాలామందికి తెలియదు.

గోవాకు చెందిన మాజీ ఆటగాడు బిబియానో ఫెర్నాండెజ్ కోచ్. ఆసియా టోర్నీకి ముందు, 2018 ఆగస్టులో జోర్డాన్‌లో ఇరాక్‌ను 1-0తో ఓడించారు. అప్పటికి ఇరాక్ ఆ వయసు విభాగంలో ఆసియా ఛాంపియన్! గోల్ వచ్చింది ఆఖరి క్షణాల్లో. ఆ రోజుల్లోనే స్పెయిన్‌లో భారత్ అండర్-20 జట్టు పది మందితో ఆడి అర్జెంటీనా అండర్-20ని 2-1తో ఓడించింది. భారత ఫుట్‌బాల్‌కు అలాంటి వారం అరుదు.

ఆ ఊపుతో మలేసియాలో ఆసియా అండర్-16 టోర్నీకి వెళ్లారు.

* వియత్నాంపై 1-0 గెలుపు. విక్రమ్ ప్రతాప్ సింగ్ పెనాల్టీ గోల్.
* ఇరాన్‌తో 0-0. గోల్‌కీపర్ నీరజ్ కుమార్ పెనాల్టీని ఆపేశాడు.
* ఇండోనేసియాతో 0-0.

గ్రూప్ దశలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా క్వార్టర్స్ చేరారు. 2002 తర్వాత ఇదే తొలిసారి. అప్పటి నిబంధన ప్రకారం సెమీస్ చేరిన నాలుగు జట్లకు 2019 వరల్డ్‌కప్ టికెట్. అంటే ఒక్క గెలుపు చాలు. ఎదురుగా దక్షిణ కొరియా. మ్యాచ్ అంతా కొరియా దాడులే. నీరజ్ ఒంటిచేత్తో అడ్డుకుంటూ వచ్చాడు. రెండో హాఫ్‌లో ఒకే ఒక్కసారి గండి పడింది. 0-1. అంతే, వరల్డ్‌కప్ ఆశ ఆవిరి.

మొత్తం టోర్నీలో భారత్ ఇచ్చింది ఆ ఒక్క గోలే. కానీ కొట్టిందీ ఒక్క గోలే. అదీ పెనాల్టీ. డిఫెన్స్ కుదిరింది, గోల్ కొట్టేవాడు దొరకలేదు. 2016లో సమస్య ఒకటైతే, 2018లో దానికి పూర్తిగా రివర్స్.

2020: ఆడకుండానే ఆట ముగిసిన బ్యాచ్

2019 సెప్టెంబర్‌లో తాష్కెంట్‌లో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు. తుర్క్‌మెనిస్తాన్‌పై 5-0, బహ్రెయిన్‌పై 5-0. సొంతగడ్డపై ఆడుతున్న ఉజ్బెకిస్తాన్‌తో 1-1. గ్రూప్‌లో టాప్. కాగితం మీద చూస్తే ఇంతవరకు వచ్చిన బ్యాచ్‌లలో ఇదే బలమైనదన్న మాట వినిపించింది.

బహ్రెయిన్‌లో జరగాల్సిన ఆసియా టోర్నీకి డ్రా కూడా తీశారు. దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్ ఉన్న గ్రూప్. ఇంతలో కరోనా వచ్చింది. మొదట వాయిదా వేశారు. 2021 జనవరిలో పూర్తిగా రద్దు చేశారు. పెరూలో జరగాల్సిన 2021 అండర్-17 వరల్డ్‌కప్ అంతకుముందే రద్దయింది.

సీనియర్ టోర్నీ వాయిదా పడితే ఏడాది తర్వాత అదే ఆటగాళ్లు ఆడతారు. ఒలింపిక్స్ అలాగే జరిగాయి. కానీ ఈ పిల్లలకు వయసు దాటిపోయింది. ఓడిపోలేదు, ఎవరి చేతిలోనూ తప్పు జరగలేదు. అయినా ఆ జెర్సీలో ఆసియా టోర్నీ ఆడే అవకాశం ఇక రాలేదు. రికార్డు పుస్తకంలో వీళ్ల పేరిట ఉన్నది 'అర్హత సాధించారు, టోర్నీ రద్దు' అన్న ఒక్క లైన్ మాత్రమే.

2023: జపాన్‌తో 12 గోల్స్ మ్యాచ్

తర్వాతి బ్యాచ్ 2022 అక్టోబర్‌లో సౌదీలోని దమ్మామ్‌లో క్వాలిఫయింగ్ ఆడింది. మాల్దీవులపై 5-0, కువైట్‌పై 3-0, మయన్మార్‌పై 4-1 తేడాతో గెలిచింది. సౌదీ చేతిలో 1-2తో ఓడినా, రెండో స్థానంలో నిలిచిన మెరుగైన జట్లలో ఒకటిగా థాయ్‌లాండ్ టికెట్ దక్కింది. కోచ్ మళ్లీ బిబియానోనే.

2023 జూన్‌లో అసలు టోర్నీ. వియత్నాంతో 1-1 డ్రా. ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1 ఓటమి. ఆఖరి మ్యాచ్ జపాన్‌తో. స్కోరు చూస్తే ఎవరైనా రెండోసారి చదవాల్సిందే: జపాన్ 8, భారత్ 4. ఎనిమిది గోల్స్ ఇచ్చుకోవడం ఘోరమే. కానీ ఆ టోర్నీలో చివరికి విజేతగా నిలిచిన జట్టుకు నాలుగు గోల్స్ కొట్టడం కూడా మామూలు విషయం కాదు. ఏదేమైనా ఒక్క పాయింట్‌తో గ్రూప్ దశలోనే ఇంటికొచ్చారు.

శాఫ్‌లో మాత్రం మనమే బాస్

పొరుగు దేశాల మధ్య జరిగే శాఫ్ టోర్నీ లెక్క వేరు. 2011 తొలి ఫైనల్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడాం. 2015 ఫైనల్‌లో బంగ్లాదేశ్ పెనాల్టీల్లో ఓడించింది. అలాంటి దెబ్బలు పక్కన పెడితే చాలావరకు మన ఆధిపత్యమే. టైటిల్ గెలిచిన ఫైనల్స్ ఇవీ..

* 2013, కఠ్మాండు: నేపాల్‌పై 1-0
* 2017, నేపాల్: నేపాల్‌పై 2-1
* 2019, కల్యాణి (పశ్చిమ బెంగాల్): నేపాల్‌పై 7-0
* 2022, కొలంబో: నేపాల్‌పై 4-0
* 2023, థింపు: బంగ్లాదేశ్‌పై 2-0
* 2024, థింపు: బంగ్లాదేశ్‌పై 2-0
* 2025, కొలంబో: బంగ్లాదేశ్‌తో 2-2, పెనాల్టీల్లో 4-1

జాగ్రత్తగా చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. మొదటి నాలుగు ఫైనల్స్‌లో ప్రత్యర్థి నేపాల్. తర్వాతి మూడింటిలో బంగ్లాదేశ్. ఆఖరిది పెనాల్టీల దాకా వెళ్లింది. అంటే పక్కింటివాళ్లు కూడా దగ్గరకొచ్చేస్తున్నారు. వరసగా నాలుగేళ్లు టైటిల్ గెలవడం గొప్పే. కానీ శాఫ్‌లో గెలిచే తేడా ఆసియా స్థాయికి వెళ్లగానే ఎందుకు మాయమవుతోందన్నదే కోచ్‌లను వేధిస్తున్న ప్రశ్న.

అహ్మదాబాద్ అద్భుతం

2024 అక్టోబర్‌లో ఆ ప్రశ్నకు చేదు జవాబే వచ్చింది. థాయ్‌లాండ్‌లో జరిగిన క్వాలిఫయింగ్‌లో బ్రూనైపై 13-0తో విరుచుకుపడ్డారు. తుర్క్‌మెనిస్తాన్‌పై 1-0తో గెలిచారు. ఆఖరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్ చేతిలో 2-3తో ఓడారు. ఆ ఒక్క గోల్ తేడాతో 2025 ఆసియా కప్ చేజారింది.

2025 నవంబర్‌లో మరో బ్యాచ్, మరో ప్రయత్నం. ఈసారి వేదిక అహ్మదాబాద్. గ్రూప్ నుంచి టాపర్‌కే చోటు.

* పాలస్తీనాతో 1-1
* చైనీస్ తైపీపై 3-1 గెలుపు
* లెబనాన్ చేతిలో 0-2 ఓటమి

లెబనాన్‌తో ఓడాక చాలామంది ఆశ వదిలేసుకున్నారు. చివరి మ్యాచ్ ఇరాన్‌తో. డ్రా అయినా మనకు పనికిరాదు. గెలవాల్సిందే. 19వ నిమిషంలో ఇరాన్ గోల్ కొట్టడంతో పరిస్థితి ఇంకా బిగుసుకుంది. ఫస్ట్ హాఫ్ ముగిసే క్షణాల్లో పెనాల్టీ దొరికింది. కెప్టెన్ దల్లాల్‌ముఆన్ గాంగ్టే తొణకకుండా కొట్టి స్కోరు సమం చేశాడు. 52వ నిమిషంలో గున్‌లైబా వాంగ్‌ఖైరక్పమ్ రెండో గోల్ వేశాడు. అక్కడి నుంచి మిగిలిన సమయమంతా ఊపిరి బిగపట్టి గోల్ కాపాడుకోవడమే. 2016లో 0-3తో ఓడించిన ఇరాన్‌పై, 2018లో 0-0తో నిలవరించిన ఇరాన్‌పై ఈసారి గెలుపు!

సీనియర్ జట్టు పరిస్థితి తెలిస్తే ఈ గెలుపు విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. అదే 2025 అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, సీనియర్ జట్టు 2027 ఆసియా కప్ ఆశలు వదులుకుంది. పెద్దవాళ్లు చేతులెత్తేసిన రెండు నెలల్లోపే పిల్లలు టికెట్ తెచ్చారు.

ఇప్పుడు వరల్డ్‌కప్ దారి సులువైందా?

కొంతవరకు అవును. ఇదివరకు అండర్-17 వరల్డ్‌కప్ రెండేళ్లకోసారి, 24 జట్లతో జరిగేది. ఆసియా టోర్నీ సెమీస్ చేరితేనే టికెట్. ఫిఫా 2025 నుంచి దీన్ని మార్చేసింది. ఇక ప్రతి ఏటా, 48 జట్లతో. 2029 వరకు ఆతిథ్యం ఖతార్‌దే. దాంతో ఆసియా నుంచి క్వార్టర్స్ చేరిన ఎనిమిది జట్లకూ దారి తెరుచుకుంది.

16 జట్లు, నాలుగు గ్రూపులు. గ్రూప్‌లో మొదటి రెండు స్థానాల్లో ఉంటే చాలు. 2018 జట్టు ఈ రూల్ కింద ఆడి ఉంటే కొరియా మ్యాచ్‌కు ముందే వరల్డ్‌కప్ టికెట్ చేతిలో ఉండేది! 2025లో తజికిస్తాన్, ఇండోనేసియా ఈ దారిలోనే వరల్డ్‌కప్‌కు వెళ్లాయి. మనకన్నా చాలా చిన్న దేశమైన తజికిస్తాన్ 2018లోనే ఈ టోర్నీ ఫైనల్ ఆడింది. వాళ్లకు సాధ్యమైంది మనకు ఎందుకు కాదు అన్నదే అసలు పాయింట్.

అమ్మాయిల సంగతేంటి?

అమ్మాయిల అండర్-17 వరల్డ్‌కప్‌కు కూడా భారత్ 2022లో ఆతిథ్యమిచ్చింది. టోర్నీకి రెండు నెలల ముందు, ఆగస్టు 16న, పాలనలో బయటి జోక్యం ఉందంటూ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. పదిరోజుల్లో ఎత్తేయడంతో టోర్నీ దక్కింది. భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5తో ఓడారు.

అయితే 2025 అక్టోబర్‌లో సీన్ మారింది. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఉజ్బెకిస్తాన్‌పై వెనకబడి కూడా 2-1తో గెలిచి, 2026 ఆసియా కప్‌కు క్వాలిఫయింగ్ ద్వారా అర్హత సాధించారు. అంటే ఒకే ఏడాది అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ మైదానంలో గెలిచి ఆసియా టికెట్ పట్టారు.

తెలుగు రాష్ట్రాలకు లింక్ ఉందా?

ఉంది. అదీ ఘనమైన లింకే. భారత్ యువ జట్టు ఆసియా టైటిల్ అందుకున్నది ఒకే ఒక్కసారి. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఇరాన్‌తో 2-2తో డ్రా చేసుకుని సంయుక్త విజేతగా నిలిచింది. ఆ జట్టు కెప్టెన్ మన హైదరాబాదీ షబ్బీర్ అలీ! ఆయనకు తర్వాత ధ్యాన్‌చంద్ అవార్డు కూడా దక్కింది. ఇక 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా హైదరాబాదీనే. 'మైదాన్' సినిమా ఆయన కథే.

మరి ఇప్పుడు? 2017 వరల్డ్‌కప్ ఆడిన 21 మందిలో తెలుగు రాష్ట్రాల కుర్రాడు ఒక్కడూ లేడు. 2021-22లో ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఆశ కనిపిస్తున్నది ఎక్కడంటే.. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య సీనియర్ మహిళల జట్టులో స్టార్ అయింది. క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు కూడా ఆడింది. అనంతపురంలో ఆర్డీటీ నడిపే అకాడమీలో పల్లె పిల్లలు బంతి పట్టుకుంటున్నారు.

మణిపూర్‌కు సాధ్యమైంది ఇక్కడెందుకు కావడం లేదు?

2017 జట్టులో 8 మంది మణిపూర్ వాళ్లే. ఇరాన్‌పై గెలుపు గోల్ కొట్టిందీ మణిపూర్ కుర్రాడే. చిన్న రాష్ట్రమే అయినా అక్కడ ఊరూరా ఆట ఉంది, ఊరి జట్ల మధ్య పోటీలున్నాయి. పిల్లాడు పదేళ్లకే మ్యాచ్‌లు ఆడతాడు. మన దగ్గర బడి గ్రౌండ్‌లు తగ్గిపోయాయి. ఉన్నచోట కూడా క్రికెట్ పిచ్‌కే మొదటి చోటు.

ఆటలో తేడా పడేది కూడా ఇక్కడే. జపాన్, కొరియా పిల్లలు జాతీయ జట్టులోకి వచ్చేసరికే ఏళ్ల తరబడి లీగ్ మ్యాచ్‌లు ఆడి ఉంటారు. మనవాళ్లను చాలాసార్లు క్యాంపులో నెలల తరబడి కూర్చోబెట్టి తయారుచేయాల్సి వస్తోంది. క్యాంపుతో ఫిట్‌నెస్ వస్తుంది, డిఫెన్స్ కుదురుతుంది. 2018లో కనిపించింది అదే. గోల్ ముందు క్షణంలో నిర్ణయం తీసుకునే తెలివి మాత్రం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. దాన్ని గుర్తించే సమాఖ్య యూత్ లీగ్‌లు మొదలుపెట్టింది. 2023 నవంబర్‌లో ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ చేతుల మీదుగా భువనేశ్వర్‌లో ఫిఫా అకాడమీ కూడా తెరిచారు. ఫలితం తేలడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

క్విక్ క్వశ్చన్స్

*భారత్ ఎప్పుడైనా ఆటతో అర్హత సాధించి అండర్-17 వరల్డ్‌కప్ ఆడిందా?* లేదు. 2017లో ఆతిథ్య దేశంగా మాత్రమే ఆడింది.

*దానికి అత్యంత దగ్గరగా వచ్చింది ఎప్పుడు?* 2018లో. క్వార్టర్స్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-1తో ఓడింది.

*2026 ఆసియా కప్ ఎక్కడ?* సౌదీ అరేబియాలో. క్వార్టర్స్ చేరితే ఖతార్ వరల్డ్‌కప్ టికెట్.

*సీనియర్ జట్టులోకి వచ్చే దారి ఏది?* అండర్-17 తర్వాత అండర్-20, అండర్-23, క్లబ్ లీగ్‌లు. జీక్సన్, సురేశ్, అపుయా అండర్-17 వరల్డ్‌కప్ తర్వాత నాలుగేళ్లలోపే సీనియర్ జెర్సీ వేసుకున్నారు.

మొత్తంగా చూస్తే లెక్క స్పష్టం. దక్షిణాసియాలో రాజులు. ఆసియాలో అంచుదాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు. వరల్డ్‌కప్‌లో ఒక్క గోల్ వీరులు. ఇప్పుడు తలుపు ముందుకన్నా వెడల్పుగా తెరుచుకుంది. ఇరాన్‌ను కొట్టిన ఈ బ్యాచ్‌కు ఉన్నది ఒక్క టోర్నీ, మూడు గ్రూప్ మ్యాచ్‌లు. తర్వాతి ఏడాది ఆ జెర్సీ మరొకరిది.